వెతుకులమ్మ బండ

పూజాపెట్టె అడుగున దొరికిన తాటాకు పట్టుకుని నల్లమలలోకి దిగిన రెండో రోజుకే హైమవతికి పెదనాన్నంటే రోత పుట్టింది. జోరీగలు కుట్టాయి, పిడుదులు పట్టాయి, అన్నీ ఓర్చుకుంది. ఆయన నోరు మాత్రం ఓర్చుకోలేకపోయింది.

చిదంబరరావు రిటైరైన తహసీల్దారు. రాతిమూతల వారి వంశచరిత్ర రాస్తున్నాడు. పధ్నాలుగు తరాల మగవాళ్ల పేర్లు అచ్చుకు సిద్ధం. ఇంటిపేరు ఎలా వచ్చిందో చెప్పాల్సిన మొదటి పేజీ ఒక్కటే ఖాళీ. శత్రువులకు చిక్కకుండా రాజుగారి నగలపెట్టెను బిలంలో దాచి, రాతిమూత వేసిన వీరుడు తమ మూలపురుషుడట. ఆ సాక్ష్యం కోసమే ఈ ప్రయాణం. దొరికిన రాతలు చదవడానికి, మ్యూజియంలో శాసనాలు చదివే తమ్ముడి కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు.

దారి చూపిన చెంచు ఈదన్న, తాడు మీద లోయలోకి వేలాడి తేనె తీసే తన తేనెబండ మీద ఆగాడు. తాటాకులో చెప్పినట్టే అక్కడొక గుండ్రటి రాతిపలక ఉంది. ఈదన్న, అతని బామ్మర్ది గురవడు గునపాలతో దాన్ని ఒకవైపు ఎత్తి, కింద దుంగ దూర్చి నిలబెట్టారు. కింద చీకటి బిలం. పలక అంచు కింద సందులో ఒక రాగిరేకు పచ్చగా చిలుము పట్టి కనిపించింది.

"తర్వాత చదువుదువుగాని, ముందు పెట్టె" అని తొందరపెట్టాడు చిదంబరరావు. హైమ రేకును సంచిలో వేసుకుంది.

ఈదన్న తాడు కొస గురవడి చేతికిచ్చాడు.

"వీడొక్కడేనా? మీ తమ్ముణ్ని కూడా తేవాల్సింది" అన్నాడు చిదంబరరావు.

"తమ్ముడు తాడు ముట్టగూడదు సారూ. నేను పోతే నా తేనెబండ వాడిదైతది. బామ్మర్దైతే చెల్లెలు ముండమోస్తదని చచ్చినా వదలడు. తాతల కాలం నుంచీ తాడు బామ్మర్దిదే."

"ఆటవికం" అని మూతి విరిచాడు పెద్దమనిషి.

ఒక్కొక్కరినే గురవడు కిందికి దించాడు. కాలు పెట్టగానే పిక్కల దాకా గబ్బిలాల పెంట. ఆ కంపు గొంతులోకి దిగింది. టార్చి వేస్తే పెంట మీద బొద్దింకలు పొరలు పొరలుగా కదిలాయి. హైమ చున్నీ ముక్కుకు బిగించుకుంది. "మన వంశ వైభవం వాసనమ్మా ఇది" అని నవ్వాడాయన. ఆ నవ్వు ఆమెకు పెంటకన్నా అసహ్యంగా తోచింది.

మూలన ఇనప్పెట్టె ఉంది. దానికి అవతల, గోడలో జానెడు సందులోంచి ఎండ పడుతున్న చోట మూడు అస్థిపంజరాలు. ఒకదాని చెయ్యి ఇంకా సందులోకి చాపే ఉంది.

"శత్రువులు" అన్నాడు చిదంబరరావు.

హైమ రేకు తుడిచి పైకే చదివింది. "చెంచు దొరకు నా చెల్లెలినిచ్చి, బామ్మర్దినై, తాడు పట్టితిని. పెట్టెతో కూడ అతనిని, అతని తమ్ములిద్దరిని బిలమున దింపి, జాడ తెలిసినవారు మిగులకుండ రాతిమూత వేసితిని. అందులకు రాజు అయిదు ఊళ్లును రాతిమూతల అను పేరును ఇచ్చెను."

చదవడం అయ్యాక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఛీ, చిన్నప్పటినుంచీ ప్రతి పుస్తకం అట్ట మీదా గొప్పగా రాసుకున్న పేరు ఇదా! తాడు చేతికి రావడం కోసం చెల్లెల్ని ఇచ్చి, ఆ చెల్లెల్నే ముండమోయించాడు.

ఈదన్న తలెత్తి తాడు వైపు చూశాడు.

"ఇదంతా రాయక్కర్లేదు, కథ నేను చూసుకుంటా" అంటూ చిదంబరరావు పెట్టెకు తాడు కట్టేశాడు. "ముందు ఇది లాగరా!"

గురవడు లాగాడు. బిలం నోటి దాకా వెళ్లాక పెట్టె ఊగి దుంగకు కొట్టుకుంది. దుంగ పక్కకు జరిగింది, పలక కిర్రుమంటూ ఒక బెత్తెడు దిగింది.

"పెట్టె వదలరా!" అని అరిచాడు ఈదన్న.

పెట్టె దభీమని పడి పగిలింది. నగలు పెంటలో చెదిరాయి. గురవడు తాడు మళ్లీ వేశాడు. హైమ పైకొచ్చింది, ఈదన్న వచ్చాడు. చిదంబరరావు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, బొద్దింకలతో సహా నగలు జేబుల్లో కుక్కుకుంటున్నాడు. దుంగ పెటపెటలాడింది. అప్పుడు తలెత్తి చూశాడు. పైన బిలం నోటి దగ్గర చెంచువాళ్లిద్దరి ముఖాలు.

"ఈదన్నా, నన్ను వదిలెయ్యకు నాయనా" అని ఏడ్చాడు.

"బావా, లాగాల్నా?" అడిగాడు గురవడు.

"లాగు. తాడు పట్టినంక లాగాల్సిందే."

పైదాకా వచ్చాక, కిందికి దిగిన పలక సందులో ఉబ్బిన జేబులతో ఆయన పట్టలేదు. ఏడుస్తూనే అన్నీ పారేశాడు. ఆయన కాళ్లు బయటికి రాగానే దుంగ విరిగి పలక మూతపడింది. తల నుంచి కాళ్ల దాకా పెంట పూసుకున్న పెద్దమనిషి లేస్తూనే చెయ్యి చాచాడు.

"రేకు ఇటివ్వు. లోయలో పారేద్దాం."

హైమ ఇవ్వలేదు.

"అమ్మా, ఆ చెల్లెలి పేరుందా అందులో?" అడిగాడు ఈదన్న.

"లేదు."

"తాడు తెగి మొగుడూ మరుదులూ లోయలో పడ్డారని అన్న చెప్పినాడంట. బతికినన్నాళ్లూ ఆ లోయంతా శవాలు వెతికిందంట. వెతుకులమ్మ అంటం మేము. తేనె తీసిన ప్రతిసారీ మొదటి చుక్క ఆమెకే, ఈ బండ మీదనే."

హైమ పెదనాన్న సంచిలోంచి వంశచరిత్ర ప్రతి లాగి, ఖాళీ పేజీలో రేకు మాటలు రాసింది. వాటి పైన వెతుకులమ్మ అని రాసింది.

"అది మన వంశంలోకి ఎలా వస్తుంది?" అని గింజుకున్నాడాయన.

"ముందు ఆమే వస్తుంది. మీ పధ్నాలుగు తరాల మగవాళ్లూ తర్వాత."

ఈదన్న తన సొరకాయ బుర్రలోంచి తేనె వంచి రాతిమూత మీద పోశాడు. అరచేత్తో మెల్లగా తట్టి అన్నాడు.

"దొరికినారమ్మా. ఇంక వెతకొద్దు."