కార్డుల హాల్లో జోలపాట

జెనీవాలో, తప్పిపోయినవాళ్ళ ఆచూకీ తీసే ఆఫీసున్న ఆ పాత భవనంలో వెనక హాలుకి చెడ్డపేరు. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. యుద్ధంలో పట్టుబడినవాళ్ళు, ఊళ్ళొదిలి పారిపోయినవాళ్ళు, రైళ్ళెక్కించి తీసుకుపోయిన యూదు కుటుంబాలు... వాళ్ళందరి పేర్లూ కార్డుల మీద రాసి, చెక్క సొరుగుల్లో దాచిన హాలది. రాత్రయితే ఆ సొరుగుల్లోంచి గొంతులు వినబడతాయని కాపలావాడు అనేవాడు. అని, నవ్వేవాడు కాదు.

ఒడీల్ పెర్రోషే నమ్మలేదు. నలభై దాటిన మనిషి, ఒంటరిది. మా అబ్బాయి ఏమయ్యాడు, మా ఆవిడ బతికుందా అని అడుగుతూ వచ్చే ఉత్తరాలు చూసి, కార్డులు వెతికి జవాబు రాయడం ఆమె పని. యుద్ధం ముగిసి మూడేళ్ళయినా ఆ ఉత్తరాలు ఆగలేదు. చాలావాటికి ఆమె రాసే జవాబు ఒకటే — సమాచారం లేదు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఆమె కూర్చునే ఉండేది. గదికి పోయినా సూప్ తనొక్కదానికే వేడిచేసుకోవాలి మరి.

ఒక డిసెంబరు సాయంత్రం సరస్సు మీంచి ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. చివరి ఉత్తరానికి కావలసిన కార్డు వెనక హాల్లో ఉంది. అక్కడ దీపం ఎప్పుడో పాడైపోయింది. టార్చి పట్టుకుని వెళ్ళింది.

తలుపు తీసింది... ఆగిపోయింది.

లోపల ఎవరో పాడుతున్నారు.

సన్నగా, గొంతు పెగిలీ పెగలకుండా... తెలియని భాష. అయినా అది జోలపాటేనని తెలిసిపోతోంది. ఒడీల్‌కి వెనక్కి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తి ఎవరితో చెప్పుకోవాలి? తనకోసం ఎదురుచూసేవాళ్ళెవరున్నారు గనక? టార్చి ముందుకు చాపి నడిచింది.

చివరి వరసలో, నేల మీద — ఒక ఆకారం. తలకి గుడ్డ. ఒళ్ళో ఒక సొరుగు.

వెలుగు పడగానే ఆ ఆకారం ముఖం తిప్పింది.

ఫైగా! రోజూ గదులు ఊడ్చి తుడిచే ఫైగా. పోలండు నుంచి వచ్చిన మనిషి. రెండేళ్ళుగా రోజూ ఎదురుపడుతున్నా ఒడీల్ ఆమెను పలకరించడమే తప్ప కూర్చుని మాట్లాడింది లేదు.

"పైవాళ్ళకి చెప్పకండమ్మా," అంది ఫైగా గుసగుసగా. "పని పోతే పోనీ... మళ్ళీ లోపలికి రానివ్వరు."

ఆ సొరుగులో ఆమె కూతురు మిరెలె కార్డు ఉందట. ఆరేళ్ళ పిల్ల. రైలెక్కించిన తేదీ దాకా రాసి ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. ఫోటో లేదు, సమాధి లేదు. పిల్లకి చీకటంటే భయం. అందుకని పొద్దుగూకాక వచ్చి, కాసేపు ఒళ్ళో పెట్టుకుని, నిద్రపుచ్చి వెళ్తుందట.

ఒడీల్ టార్చి ఆర్పేసి, పక్కనే నేల మీద కూర్చుంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. ఫైగా మళ్ళీ పాట అందుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో, ఒడీల్ భుజానికి ఇంకో మనిషి భుజం వెచ్చగా తగిలింది.

పాట అయిపోయింది.

చీకట్లో, ఫైగా ఒళ్ళోంచి... ఒక చిన్న ఆవులింత. పసిపిల్లలకి నిద్ర ముంచుకొస్తున్నప్పుడు వచ్చేలాంటిది.

ఫైగా తడుముకుంటూ ఒడీల్ చెయ్యి వెతికి, గట్టిగా పట్టుకుంది.

"మీకూ... వినబడిందా?"

"ఊఁ," అంది ఒడీల్.

"ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అనుకున్నానమ్మా..."