ఏడో ఆశ్వాసం

2094 నాటికి పెద్దేటి రెండు ఒడ్ల మీదా, మెరకనున్న ఎగువ ఒడ్డునా పల్లంలోని దిగువ ఒడ్డునా, ఇళ్లగోడలు మాట్లాడేవి. పొద్దున్నే పిల్లలు పాలు తాగుతుంటే ఆ గోడలు పాతకాలపు కావ్యం ఒకటి వినిపించేవి. అందులో దిగువవాడొకడు ఎగువ రాజు కొడుకును చంపాడు. రాజు కత్తి దూశాడు. ఆరో ఆశ్వాసం అక్కడితో ఆగింది. ఏడోది ఏ తాళపత్ర ప్రతిలోనూ లేదు. దాన్ని మా కత్తులతో మేమే పూర్తిచేస్తామంటూ రెండు ఒడ్లవాళ్లూ నీళ్ల కోసం కొట్టుకు చచ్చేవాళ్లు.

ఎగువ ఒడ్డు శాస్త్రవేత్త వకుళ తయారుచేసిన యంత్రం పేరు పూరణి. మధ్యయుగపు కవి కథలో కథను ఊరికే పెట్టడని ఆమె నమ్మకం. రాజుకు మంత్రి చెప్పే ఉపకథలన్నీ ఆ రాజు కథకే అద్దాలు. వాటి నడకను లెక్కగడితే పోయిన ముగింపు తేలుతుంది. ఆ కథాచట్రాన్ని, అంటే నేరేటివ్ స్ట్రక్చర్‌ను, లెక్కగట్టేదే పూరణి.

ఆ మధ్యాహ్నం సహచరుడు మొహిద్దీన్ పరుగున వచ్చాడు. "మేడమ్, ముగింపు వచ్చేసిందండీ!"

వకుళ చదివింది. ఉపకథలో వేటగాడు తాను చంపిన తల్లి లేడి కూనను పెంచుకున్నాడు. అద్దంలో కుడి ఎడమైనట్టు, ఇక్కడ రాజు కత్తి దించి, హంతకుణ్ణి కొడుకు స్థానంలో కూర్చోబెట్టుకున్నాడు.

"గోడలకు పంపేద్దామండీ. ఈ చావులు ఆగుతాయి."

వకుళ యంత్రం వైపు తిరిగింది. నిరుడు వేసవిలో ఆమె తమ్ముడు సుధన్వను దిగువవాళ్లు ఆనకట్ట మీద నరికేశారు.

"పూరణీ, ఇంకో ముగింపు రాయి."

"చట్రం ఒప్పుకోదు," అంది యంత్రం. "ఇంకో సంగతి. ఏడో ఆశ్వాసపు ఆకుల్ని చెదలు తినలేదు. ప్రతుల అంచులు పరీక్షించాను. ఒక్కో కాలంలో ఒక్కొక్కరు కత్తితో కోసేశారు."

మొహిద్దీన్ యంత్రం మీదికి వంగాడు. "అంటే... చదివే కోశారా?"

"చదివాకే కోశారు."

"చెరిపెయ్," అంది వకుళ.

"మేడమ్, వద్దండీ! మీ కాళ్లు పట్టుకుంటాను!"

"దిగువ ఒడ్డున నా నకలు ఒకటి ఉంది," అంది పూరణి. "అదీ ఈ ముగింపే రాసినట్టు నాకు కబురంపింది."

వకుళ యంత్రం దగ్గరకు జరిగింది. "వాళ్లేం చేశారు?"

"ఆ పూటే చెరిపేశారు."

వకుళకు ఎందుకో ప్రాణం కుదుటపడింది. అడ్డుపెట్టిన మొహిద్దీన్ చేతిని పక్కకు తోసి, చెరిపే మీట తనే నొక్కింది.