చిన్నక్కకు దావ

యశోదమ్మకు నలభై మూడేళ్ళు. పటం మీద చెయ్యి పెట్టే ముందు, ఇంకు అలుక్కుపోతుందని గాజులు తీసి సొరుగులో వేసేది. పెనుకొండలో, ప్రాజెక్టు ఆఫీసులో పటాలకు నకళ్ళు గీసే ట్రేసరు ఆమె.

తొంభై ఆరు ఎండాకాలంలో తెల్లవాళ్ళ కాలంనాటి పటమొకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. ఏరు, ఏటి పక్కన ఊరు, ఊరి బయట బావి. ఏటికి కట్ట వేశారు. వానలొస్తే అదంతా మునుగుతుంది. కొత్త పటం గియ్యాలి.

"మునిగేదాన్ని గీసి ఏం లాభమమ్మా? నీలం పూసెయ్యండి" అన్నాడు ఇంజనీరు.

వంగి వంగి ఆమె నడుము విరిగింది. ఇంటికి పోతే పొయ్యి ముందు మళ్ళీ వంగాలి. మగవాళ్ళు టీకని నాలుగింటికే వెళ్ళారు. వాళ్ళ టీకి ఇల్లు చేరేదాకా అంతుండదు.

అప్పుడొచ్చింది ఉలిగమ్మ, ఆ మునిగే ఊరి ముసలమ్మ.

"మాకిచ్చిన కొత్త కాలనీకి మారెమ్మను ట్రాక్టర్లో తెచ్చుకున్నారు తల్లీ. ఆంజనేయున్నీ తెచ్చుకున్నారు. బాయిలో సచ్చిన మా ఊరి పిల్ల చిన్నక్క పేరున, పేరంటాలని మొక్కే రాయిని మాత్రం ఆడనే వదిలేసినారు."

"ఎందుకవ్వా?"

"మొగుడు అంజనప్పే తోసినాడని ఊరందరికీ ఎరుక. రాయి కంటబడితే వానికి ముద్ద దిగొద్దా? రేపు నీళ్ళొస్తే, మేం యాడుండామో ఆ పిల్లకు తెలీదు. మా కాడికి దావ గియ్యి."

ముసలమ్మను పంపించెయ్యాలని యశోదమ్మ కాలిబాటకు పెట్టినట్టే బావి నుంచి చుక్కలు పెట్టింది. కాలనీ ఆ పటంలోనే లేదు. అంచున పెనుకొండ ఉంది, అక్కడ ఆపేసింది. చదువురాని ఉలిగమ్మ దండం పెట్టి పోయింది.

పొద్దు వాలింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో పాచి వాసన... చెరువులే ఎండిన ఊళ్ళో, బావి అడుగు వాసన.

వరండాలో తడి అడుగులు.

ఒకటి... ఇంకొకటి...

గుమ్మం దాటాయి.

ఆమె ఇంకు గీకే బ్లేడు అందుకుంది. నాలుగు చుక్కలు గీకితే దారి తెగిపోతుంది. బ్లేడు మొదటి చుక్క మీద ఆనించింది. బల్ల అంచు నుంచి ఒడిలోకి నీళ్ళు కారుతున్నాయి. చల్లగా.

చెవి పక్కనే గుసగుస. ఎంత అలసిన గొంతో!

"అక్కా... నా ఇల్లు ఈడనేనా?"

"ఈడ కాదు..." యశోదమ్మ బ్లేడు కింద పెట్టింది. "నేనే సగంలో ఆపేసినా. పొద్దున గీస్తా. కూచో."

పక్క కుర్చీ కిర్రుమంది.

మర్నాడు, ఇంజనీరు పిలుస్తున్నా పోకుండా, ఆమె కాలనీ ప్లాను తెచ్చి పటం అంచుకు అతికించింది. పెనుకొండ నుంచి అంజనప్ప ఇంటి గుమ్మం దాకా చుక్కలు పెట్టింది.

గుమ్మం దాటి ఇంటి లోపలికి పోయిన తడి చుక్కలు ఆమె పెట్టినవి కావు.