రెబెక్కమ్మ తుడిచిన కంప్యూటర్

ఫ్రెడ్డీ కృష్ణపట్నం ఓడరేవు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. అతని తల్లి రెబెక్కమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. కోడలు అబిగయీలు ముందుగదిలో కంప్యూటర్ మీట నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది. లోపలి ఫ్యాను కూడా కదలలేదు.

పదకొండు గంటలకు ఆమె ఒక పాఠం చెప్పి చూపించాలి. ఇంట్లోనే కూర్చుని పిల్లలకు లెక్కలు బోధించే ఉద్యోగం అది. ఫోనులో చెబితే ఉద్యోగమిచ్చేవాళ్ళు ఒప్పుకోరు. ఈ అవకాశం పోతే మైపాడు వదిలి నెల్లూరులో కాపురం పెట్టాలనీ, అక్కడ ఏదైనా బడిలో చేరాలనీ భార్యాభర్తలు అనుకున్నారు. ఒక ఇల్లు కూడా చూసి వచ్చారు. రెబెక్కమ్మ ఊరు విడిచి కదలదని నమ్మి, చెబితే నొచ్చుకుంటుందని ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు.

కంప్యూటర్లు బాగుచేసే మాల్యాద్రికి ఫోన్ చేస్తే, "నేను మనుబోల్లో ఉండానక్కా, సాయంత్రం గానీ రాలేను. చెప్తా, చేస్తావా?" అన్నాడు.

"చెప్పన్నా."

"ముందు ఆ ప్లగ్గులో ఇంకేదన్నా పెట్టి చూడు."

ఫోను చార్జరు పెట్టింది, పనిచేసింది. మానిటర్ కరెంటు తీగ తీసి కంప్యూటర్‌కు తగిలించింది; లాభం లేదు. వెనకనున్న చిన్న స్విచ్చి వేసే ఉంది. పక్క రేకు విప్పితే, లోపలి బోర్డు మీద చిన్న దీపం వెలుగుతూ కనిపించింది.

"అట్టయితే కరెంటు లోపలిదాకా వస్తుండాది. ఇంక అనుమానం మీట మీదే. ముందువైపు పలక ఊడదీసి చూడక్కా."

మీట వెనక ఎర్రగా తుప్పు పట్టి ఉందని ఫోనులో చెప్పింది.

"దానిమీద నీళ్ళేమన్నా పోసినారా? ఉప్పుగాలికి ఇంత తొందరగా పట్టదే!"

నిన్న సాయంత్రం అత్తగారు కంప్యూటర్ ముందు వంగి నిలబడటం, తనను చూసి చేతిలోదేదో కొంగు చాటున దాచటం అబిగయీలుకు గుర్తొచ్చాయి.

"అత్తమ్మా, ఒకసారి ఇట్ట రాండి. దీన్ని ఏం చేసినారు?"

"తుడిచినా."

"దేంతో?"

"తడిగుడ్డతో. మంచినీళ్ళేనమ్మా. దినామూ తుడస్తా."

"దినామూనా! నా ఉద్యోగం మీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్పాల. ఇట్ట చెడగొడతారా?"

రెబెక్కమ్మ తడిచేతులతోనే పీట మీద కూలబడింది. సముద్రం ఒడ్డున ఇనుప వస్తువు నిలవాలంటే, దానిమీద చేరే ఉప్పును రోజూ మంచినీటి గుడ్డతో తుడవాలి. ఆమె భర్త తన సైకిల్‌ను అలా తుడిచే ఇరవై ఏళ్ళు తొక్కాడు. సైకిల్‌కు మేలు చేసిన పద్ధతి, సందులో నుంచి నీరు దిగే మీటకు కీడు చేసింది.

"నేనెందుకు చెడగొడతానమ్మా? అది పనిచేస్తేనే గదా మీరు ఈడ ఉండేది! నెల్లూర్లో ఇల్లు చూసొచ్చినారు. ఫ్రెడ్డీ ఫోన్లో మాట్లాడతాంటే విన్నా. నువ్వు వద్దంటావేమోనని చాటుగా తుడిచినా."

అబిగయీలు తుప్పు పట్టిన మీట వైపు చూసింది. ఆమె నొచ్చుకోకూడదని తాము సంగతి దాచారు. దాచినందువల్ల ఆమెకు భయం పుట్టింది. ఆ భయం రోజూ ఆమె చేతికి తడిగుడ్డ అందించింది. తుప్పుకు మొదలు ఎక్కడుందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది.

"అక్కా, లైన్లో ఉండావా? టైమైపోతుండాది!" అని ఫోను అరిచింది. "ఆ మీట తీగ బోర్డు మీద ముళ్ళలాంటి రెండు పిన్నులకు తగిలించి ఉంటాది. తీగ పీకేసి, ఆ రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కసారి కలిపి తీసెయ్. పక్కవాటికి తగలనీయొద్దు."

రెబెక్కమ్మ లేచి టార్చిలైటు పట్టుకుంది.

"కుదురుగా పట్టుకోండత్తమ్మా."

"నేను కుదురుగానే పట్టుకున్నా. నువ్వే లైటుకు అడ్డమొస్తుండావు."

మొన తగిలింది. ఫ్యాను తిరిగింది. అప్పటికి పదకొండుకు ఆరు నిమిషాలు తక్కువ.

పాఠం ముగిసింది. ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ సోమవారం చెబుతామన్నారు. అలసిపోయి గోడకు చేరబడిన అబిగయీలుకు ఫ్రెడ్డీ ఫోన్ చేశాడు. "నెల్లూరు ఇంటివాళ్ళు అడుగుతుండారు. మనకే ఉంచమందామా, వద్దందామా?"

"ఉండు. అత్తమ్మను అడగాల."

"నన్నడిగేదేముంది? మీ ఇష్టం," అంది రెబెక్కమ్మ.

"రెండేళ్ళుగా మీరు అదే అంటుండారు, మేమూ అదే నిజమనుకున్నాం. చెప్పండి."

రెబెక్కమ్మ పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఈడే ఉంటే నాకు బాగుంటాది," అంది. ఆ తరువాత మరింత నెమ్మదిగా, "పోవాల్సే వస్తే... నన్ను కూడా తీసుకపోండి," అంది.

అబిగయీలు కళ్ళు తుడుచుకుని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "విన్నావా?"

అటువైపు ఓడరేవు లారీలు రొద చేస్తున్నాయి.

"అమ్మకు ఫోనియ్యి," అన్నాడు ఫ్రెడ్డీ.