ఎడమ పక్క నీళ్లు

నాచు గీకేసిన రాతి మీద అక్షరాలు కనబడగానే ఏసురత్నం మాస్టారు కళ్లజోడు తుడుచుకుని గుహ ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఆ నాచు గీకింది సుమేధ. నిన్న పొద్దున ఒక్కతే ఈ గుహలోకి వెళ్లిన పిల్ల ఇంకా బయటికి రాలేదు.

"మీరు కూర్చుంటే ఎలా మాస్టారూ! గట్టిగా చదవండి," అంది సుమేధ తల్లి భ్రమరాంబ. ఆమె సంచీలో రెండు సీసాల మంచినీళ్లు, గ్లూకోజు పొడి, పాత చీర చింపిన గుడ్డలు ఉన్నాయి. అడవి దారి పొడుగునా పాము కరిచిందేమో, ఎలుగుబంటి ఎదురైందేమో, కాలు విరిగిందేమో అనుకుంటూనే వచ్చింది. ఇంతకంటే చెడ్డది ఏదైనా అనుకోవడం మరిచిపోయానా అని ఇప్పుడు కొత్తగా భయపడుతోంది.

మాస్టారు ముప్పై ఏళ్లు పాస్టర్ల బడిలో గ్రీకు భాష నేర్పినవాడు. గొంతు సవరించుకుని, ఆ గ్రీకు రాతను తెలుగు చేస్తూ చదివాడు. "ఇంటికి ఎడమ పక్క నీళ్లున్నాయి. అవి మరుపు నీళ్లు. దాహం వేసినా తాగకు. కుడి పక్కకు వెళ్లు. కావలివాళ్లు అడిగితే నీ పేరు చెప్పు. భయపడకు."

"మరుపు నీళ్లేటండీ?" అన్నాడు దారి చూపడానికి వచ్చిన కొండరెడ్ల మనిషి లచ్చిరెడ్డి.

"గ్రీకుల పాతాళంలో అలాంటి నది ఉందని వాళ్ల పురాణం. చచ్చినవాళ్లు ఆ నీళ్లు తాగి సొంతవాళ్లను మరిచిపోతారట. పూర్వం మన రేవులకు వచ్చిన యవనుల్లో ఎవరో వీరకావ్యాల నడకలో దీన్ని చెక్కి ఉంటారు. మొన్న ఈ అక్షరాలు రాసి తెచ్చి నాకు చూపించినప్పుడు, ఇది ఆత్మ ప్రయాణానికి పోలిక అంది సుమేధ. కాదు, నిధి దాచినవాడు పురాణం ముసుగేసి దారి చెప్పాడన్నాను నేను. లోపలికెళ్లి కుడికి తిరగమన్నాను." ఆయన తల దించుకున్నాడు. "నేనే పంపానమ్మా."

భ్రమరాంబ ఆయన్ని తిట్టలేదు. రెండు దివిటీలు వెలిగించమని లచ్చిరెడ్డితో అంది.

గుహ లోపల మొదట నడిచారు, తరవాత వంగారు, ఆఖరికి పాకారు. గబ్బిలాలు గుంపుగా లేచి ముఖాలకు కొట్టుకున్నాయి. తడి రాళ్లు మోచేతుల్ని చెక్కేశాయి. "సుమేధా!" అని తల్లి అరిస్తే ఆ పేరే చీకట్లో తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. ఇంకెవరూ పలకలేదు.

"ఆ గ్రీకుల కావ్యంలో ఒక వీరుడు పాతాళానికి వెళ్తాడు," అన్నాడు మాస్టారు, ఆ నిశ్శబ్దం భరించలేక. "చచ్చిపోయిన తల్లి కనబడుతుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు. మూడుసార్లూ నీడలా జారిపో..."

"ఆపండి మాస్టారూ! మీకు దణ్ణం పెడతాను, అలాంటివి ఇక్కడ చెప్పకండి!"

దారి ఒక పెద్ద గదిలోకి తెరుచుకుంది. దాన్ని మనుషులే తొలిచారు. రాతి గడప, రెండు పక్కలా రాతి అరుగులు, అచ్చం ఇల్లే. లోపల కుడికో సొరంగం, ఎడమకో సొరంగం.

"కుడికి!" అంటూ కదిలాడు మాస్టారు.

భ్రమరాంబ గడప మీదే నిలబడిపోయింది. వెనక్కి తిరిగి, వచ్చిన దారివైపు చూసింది.

"మాస్టారూ, ఇంటికి కుడి పక్క అంటే ఎవరికి కుడి? మనం ఇంట్లో నిలబడి వీధిలోకి చూస్తూ కదా చెబుతాం! వచ్చేవాళ్లకు కుడి అయితే ఇంటికి ఎడమ. అయ్యో, నా బిడ్డను ఆ మరుపు నీళ్లకే పంపారు!"

మాస్టారు వేసిన అడుగు వెనక్కి తీశాడు.

లచ్చిరెడ్డి కుడి సొరంగంలోకి పది అడుగులు వేసి దివిటీ కిందికి దించాడు. మంట రెపరెపలాడి ముడుచుకుపోయింది. చప్పున పైకెత్తాడు. "ఆగండి అమ్మగోరూ! ఇక్కడ పల్లంలో గాలి మంచిది కాదు. ఊపిరి బిగబట్టి ఒక్క పరుగున దాటాల. మీరుండండి, నేనెళ్తా."

అతని మాట పూర్తయ్యేలోపే ఆమె చెంగు నడుముకు బిగించి పల్లంలోకి దూకింది. "ఓరి నాయనో!" అంటూ దివిటీ పైకెత్తి పట్టుకుని వెనకే దూకాడు లచ్చిరెడ్డి. నల్లటి మడుగు, దాని ఒడ్డున నక్క ఎముకలు, కుందేలు ఎముకలు. గుండె పగిలిపోతుందనుకునేసరికి ఆమె చేతులకు గట్టు తగిలింది. పైకి పాకింది. రాతి అరుగు మీద, వాచిన మడమ పట్టుకుని, సుమేధ.

పిల్ల ఒళ్లంతా తడిమి చూసింది. నీడ కాదు, వెచ్చగా ఉంది.

"ఆ నీళ్లు తాగావా?"

"లేదమ్మా. పల్లంలో ఊపిరాడక గట్టెక్కబోతే మడమ బెణికింది, దాహంతో నాలుక ఎండిపోయి నువ్వు పిలిస్తే పలకలేకపోయాను. తాగొద్దని రాసుందిగా."

"నేను చెబితే ఒక్కటైనా విన్నావటే ఎప్పుడైనా?" అంటూనే సీసా ఆమె నోటికి పెట్టింది. "మెల్లగా తాగు, పొలమారుతుంది."

లచ్చిరెడ్డి సుమేధను వీపున వేసుకున్నాడు. మళ్లీ ఊపిరి బిగబట్టి, తడబడుతూ, పడబోతూ గదిలోకి వచ్చి పడ్డారు. మాస్టారు అక్కడ లేడు. రెండో దివిటీ పట్టుకెళ్లినట్టున్నాడు, ఎదుటి సొరంగంలోంచి ఆయన కేక వినబడింది. "దొరికింది! బంగారం! రండి, రండి!"

అటువైపు నీళ్లు తేటగా పారుతున్నాయి. పక్కన రెండు రాతి సింహాలు. వాటి మధ్య గూడులో బంగారు గాజులు, గొలుసు, మువ్వలు. మాస్టారు మువ్వల్ని దోసిట్లోకి తీసుకున్నాడు. "లోకమంతా మన పేరు చెప్పుకుంటుందమ్మా!"

భ్రమరాంబ ఒక గాజు తీసుకుంది. అది ఆమె మూడు వేళ్లకు మించి పట్టలేదు. గూడులోకి దివిటీ పట్టించి చూసింది. గొలుసు కింద సన్నటి ఎముకలు, ఒక మట్టి గుర్రం బొమ్మ.

ఆమె గాజును తీసిన చోటే పెట్టేసింది. నీళ్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"ఆ రాతి మీద దారి మనకు చెప్పలేదు మాస్టారూ," అంది ఆమె. "ఊరుకాని ఊళ్లో పిల్ల పోయింది. ఆ లోకానికి ఒక్కతే వెళ్లాలి. వెనకాల పంపడానికి ఎవరూ లేరు. ఏ నీళ్లు తాగాలో, ఎటు తిరగాలో, ఎవరేం అడుగుతారో... ఇవి నిధి గుర్తులు కావు. అమ్మ చెప్పిన జాగ్రత్తలు."

మాస్టారు దోసిట్లోని మువ్వల్ని ఒక్కొక్కటే గూడులో పెట్టాడు. లచ్చిరెడ్డి రాళ్లు తెచ్చి పేర్చాడు. ఆఖరి రాయి పెట్టనివ్వకుండా భ్రమరాంబ కొంచెంసేపు అక్కడే కూర్చుంది. తరవాత తనే పెట్టింది.

బయట మధ్యాహ్నపు ఎండ కాస్తోంది. సుమేధ మడమకు గుడ్డ చుడుతూ చుడుతూ తల్లి ఒక్కసారిగా ఏడ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? నేను దొరికానుగా."

"అవును," అంది భ్రమరాంబ. "నువ్వు దొరికావు."