ఎనిమిది గంటల మజిలీ

ఆ ఆదివారం పొద్దున పట్టిన ముసురు పది దాటినా వదల్లేదు. కొత్తగూడ చౌరస్తాలో టిఫిన్ సెంటర్ మీద, రెండో అంతస్తులో ఉన్న ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి పోచయ్య హైటెక్ సిటీ వైపు చూస్తున్నాడు. మబ్బు బాగా కిందికి దిగింది. అద్దాల మేడల పైభాగాలు మాయమై, మిగిలిన అంతస్తులు నీటిపొగలో తేలుతున్నట్టున్నాయి. ఇక్కడ సహాయకుడిగా చేరకముందు ఇరవై రెండేళ్లు ఆ మేడల గేట్ల దగ్గరే సెక్యూరిటీ పని చేసినవాడతను. అవి ఇంత నిశ్శబ్దంగా, ఇంత తేలికగా ఉంటాయని అతనికి ఎన్నడూ తోచలేదు.

తలుపు తోసుకుని ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. డెబ్బై దాటిన వయసు, చేతి మీద తడిసిన కోటు. మెట్లెక్కిన ఆయాసం కన్నా మొహంలో భయమే ఎక్కువగా ఉంది.

"కింద బోర్డు చూసి వచ్చానండి. డిటెక్టివ్ దేవిశ్రీ గారు..."

"నేనేనండి, కూర్చోండి" అంది దేవిశ్రీ. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. కూకట్‌పల్లిలో స్థిరపడిన గోదావరి వాళ్లమ్మాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు సగం మూసుకుని వింటుంది. నిద్రపోతోందని అనుకున్నవాళ్లు చాలామందే దొరికిపోయారని పోచయ్య అందరికీ గర్వంగా చెబుతుంటాడు.

"కూర్చునే టైము లేదమ్మా. నేను విహారయాత్రకొచ్చిన ఓడ రాత్రి పదింటికి విశాఖలో బయలుదేరుతుంది. నేను ఐదున్నర విమానం ఎక్కితీరాలి. ఈలోపు ఒక మనిషిని చూడాలి. ఆ మనిషి ఎక్కడుందో చెప్పే కాగితం పోయింది."

పోచయ్య మంచినీళ్లు ఇచ్చాడు. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని చెప్పుకొచ్చాడు.

పేరు రామ్మోహనరావు. ఉండేది సింగపూర్‌లో, కూతురి దగ్గర. ఒకప్పుడు సరుకుల ఓడలో రేడియో ఆఫీసర్. నలభై ఏళ్ల కిందట బంగాళాఖాతంలో ఆయన ఓడ తుఫానులో చిక్కుకుంది. విశాఖ తీర రేడియో కేంద్రంలో హైమవతి అనే ఉద్యోగిని, డ్యూటీ అయిపోయినా కుర్చీలోంచి లేవకుండా, గాలి ఎటు మళ్లుతోందో, ఓడను ఎటు తిప్పాలో ముప్పై గంటలు చెబుతూనే ఉంది. ఇరవై ఆరుగురూ బతికి ఒడ్డెక్కారు.

"ఆవిడ మొహం నేను చూడలేదు. గొంతే తెలుసు. పోయిన ఏడు రిటైరైనవాళ్ల సంఘం ద్వారా ఉత్తరం రాస్తే జవాబిచ్చారు. నల్లగండ్లలో ఉంటున్నారట. ఫ్లాటు నంబరూ అవీ ఆ ఉత్తరంలోనే ఉన్నాయి. సంఘానికి ఫోన్ చేస్తే ఆదివారం, ఎవరూ ఎత్తడం లేదు."

"నాలుగు రోజులు ఉండేలా రావచ్చు కదండీ?"

ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఎవరింటికైనా నాలుగు రోజులు వెళ్తే బరువైపోతామమ్మా. మజిలీలో దిగి, పలకరించి, ఓడ కూత వినపడగానే వెళ్లిపోవడం మాకు అలవాటు. ఉన్న ఎనిమిది గంటల్లో ఒక్కటే చూడాలి, బాగా చూడాలి. జీవితమంతా అలాగే చేశాను."

"ఉత్తరంలో ఇంకేం రాశారు?"

"రెండే మాటలు. 'రండి. వస్తే వింటాను' అని."

"ఫోన్ నంబరు?"

"అడిగాను. ఇవ్వలేదు."

దేవిశ్రీ కళ్లు సగం మూసుకుంది. "కోటు ఇలా ఇవ్వండి."

లోపలి జేబులో కవరు ఉంది. దాంట్లో ఉత్తరం బదులు, అంతే మందాన మడతపెట్టిన ఒక రంగుల కరపత్రం. 'ఓడ ప్రయాణికులకు ఒక్కరోజులో హైదరాబాద్' అని ఉంది.

"ఇది మీకు ఎక్కడిది?"

"రెండు నెలల కిందట సింగపూర్‌కి పోస్టులో వచ్చింది. అది చూసే కిందున్న ఈ టూరు వ్యాన్ మాట్లాడుకున్నాను. దాన్ని ఓడలోనే వదిలేసి వచ్చాను. ఇది మరొకటి."

విమానాశ్రయంలో దిగినప్పుడు ఉత్తరం ఉంది. ఆయన తీసి చూసుకున్నాడు కూడా. కింద టిఫిన్ చేస్తుండగా కోటు చేతి మీద సాంబారు ఒలికింది. గైడు మమత దాన్ని కొళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగింది. తోటి ప్రయాణికుడు ఓంకార్ వ్యాన్ దాకా మోశాడు. డ్రైవర్ నర్సయ్య సీటు వెనక తగిలించాడు.

"చూడబోయేది హైమవతి గారినని వాళ్లకు తెలుసా?"

"లేదండి. 'నల్లగండ్లలో పాత స్నేహితులు ఒకరున్నారు, మధ్యాహ్నం అక్కడ దింపండి' అన్నానంతే."

"పోచయ్య గారూ, వాళ్లను ఒక్కొక్కరినే పైకి పంపండి."

ముందు ఓంకార్, అతని భార్య యశస్విని వచ్చారు. ఓడలో కుదిరిన పరిచయం తప్ప వాళ్లకు రావుగారితో వేరే సంబంధం లేదు.

"పన్నెండు చోట్లు చూడాలి మేడం, పన్నెండు!" ఓంకార్ ఫోన్‌లో జాబితా చూపించాడు. "శిల్పారామం, దుర్గం చెరువు వంతెన, చార్మినార్... ఇప్పటికే గంట పోయింది. అంకుల్ ఫ్రెండ్ ఎవరో, ఆయన దగ్గరికి క్యాబ్ బుక్ చేసి పంపేద్దామన్నాను."

"ఈ టూరు మీకెలా తెలిసింది?"

"ఓడలో డెస్క్ దగ్గర అడిగితే చెప్పారు" అంది యశస్విని. "కరపత్రాలేమీ ఇవ్వలేదండి."

తరువాత నర్సయ్య. "నాకేం తెల్వదు మేడం. కోటు ఇచ్చిండ్రు, తగిలిచ్చిన. పెద్దసారు దోస్తును చూస్తనన్నడు. పాపం, ఆ దోస్తు, ఆయన ఎంతసేపటికెల్లి ఎదురుచూస్తుండో ఏమో."

"నల్లగండ్ల దారి నీకు కొత్తా?"

"కొత్తేంది? దినాం పోతా. కానీ మమతమ్మ నిన్ననే చెప్పింది, రేపు నల్లగండ్ల దిక్కు పోయేది లేదు, గాడ రోడ్డు తవ్విండ్రు అని."

"తవ్వారా?"

నర్సయ్య తల గోక్కున్నాడు. "పొద్దుగాల నేను ఆడికెల్లే వచ్చిన. మంచిగనే ఉంది."

చివరికి మమత వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో తడి గొడుగు. కుర్చీ అంచున కూర్చుంది.

"పోయినదానికి నన్నేం చెయ్యమంటారండీ? రావుగారిని సాయంత్రం దాకా ఊరంతా తిప్పి చూపిస్తాను. ఆ కాగితం కోసం ఉన్న టైమంతా పాడు చేసుకోవద్దని చెప్పండి. ఆవిడ కూడా అదే కోరుకుంటుంది కదా."

పోచయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. అతనికి ఏమీ అంతుపట్టలేదు. దేవిశ్రీ మాత్రం లేచి కిటికీ తలుపు తెరిచింది. సన్నటి తుంపర లోపలికి కొట్టింది.

"అందరినీ పిలవండి పోచయ్య గారూ."

"దొరికిండ్రా మేడం? గింత జల్దీ?"

"ఓడ ఆగదు కదండీ."

చిన్న గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. దేవిశ్రీ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఉత్తరం తీసినవాళ్లకు అది కాగితంగా పనికిరాదు. రావుగారు అక్కడికి వెళ్లకూడదు, అంతే వాళ్లకు కావలసింది. కోటు ముగ్గురి చేతుల్లో పడింది. 'పాత స్నేహితులు ఒకరు' అన్నారు రావుగారు. ఆ మాటలో ఆడో మగో తెలియదు. ఓంకార్ గారు 'ఆయన' అనుకున్నారు. నర్సయ్య కూడా 'ఆయన' అన్నాడు. మమత గారొక్కరే 'ఆవిడ' అన్నారు."

మమత చేతిలోని గొడుగు జారి కింద పడింది.

"ఉత్తరం పోయింది ఈ రోజు. నల్లగండ్ల వెళ్లొద్దని డ్రైవర్‌కి చెప్పింది నిన్న. తవ్వని రోడ్డును తవ్వారన్నారు. ఇక కరపత్రం. కొత్తగూడలో వ్యాన్ నడుపుకునేవాళ్లు సింగపూర్‌లో ఒక్క మనిషికి పోస్టులో కరపత్రం ఎందుకు పంపుతారు? రావుగారి చిరునామా హైదరాబాద్‌లో ఉన్నది ఒక్క ఇంట్లోనే, ఆయన రాసిన ఉత్తరం మీద. మమత గారూ, హైమవతి గారు మీకేమవుతారు?"

"అమ్మ" అంది మమత. ఆ ఒక్క మాటకే ఏడుపు వచ్చేసింది.

రావుగారు కుర్చీ పట్టుకుని లేచాడు. "మీ అమ్మగారా? మరి ఎందుకమ్మా..."

దేవిశ్రీ గొంతు తగ్గించి మమతను అడిగింది. "జీవితమంతా మైకు ముందు మాట్లాడిన మనిషి ఫోన్ నంబరు ఇవ్వలేదు. 'మాట్లాడుకుందాం' అనలేదు, 'వింటాను' అన్నారు. ఆవిడకు గొంతు పోయింది కదూ?"



"రెండేళ్లయింది" అంది మమత. "క్యాన్సర్. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి గడప దాటలేదు. రావుగారి ఉత్తరం వచ్చాక మళ్లీ మనిషైంది. రమ్మని రాసింది. ఈయన సుఖంగా రావాలని నేనే కరపత్రం పంపాను. నాలుగు రోజుల కిందట హఠాత్తుగా వద్దంది. 'నలభై ఏళ్లుగా నా గొంతు దాచుకున్న మనిషికి ఈ మెడ చూపించలేను, గొంతు పోయిందని చెప్పను కూడా చెప్పొద్దు' అని కాగితం మీద రాసి, నాచేత ఒట్టు వేయించుకుంది. ఏం చెయ్యనండీ? కొళాయి దగ్గర కోటు చేతికి రాగానే..." బ్యాగులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది.

రావుగారు ఉత్తరం ముట్టుకోలేదు.

"అమ్మా, మీ అమ్మగారికి తెలియనిది ఒకటుంది" అన్నాడు. "ఆ తుఫానులో మొదటి గంటలోనే నా ట్రాన్స్‌మిటర్ కాలిపోయింది. ఆవిడ మాటలు నాకు వినిపిస్తున్నాయి, నేను బదులు చెప్పలేను. వినేవాడు ఉన్నాడో మునిగిపోయాడో తెలియకుండానే ముప్పై గంటలు మాట్లాడారు. ఒక్కసారి కూడా 'విన్నాను' అనలేకపోయాను. ఉత్తరంలో రాయకుండా, ఎదుట కూర్చుని అది చెప్పడానికే వచ్చాను. ఆవిడ మాట్లాడనక్కర్లేదు. మాట్లాడవలసింది నేను."

మమత ఫోన్ తీసి, ఆ మాటలన్నీ ఒక్కటి వదలకుండా తల్లికి టైపు చేసింది. అందరూ ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. ఓంకార్ తన జాబితా ఎప్పుడు జేబులో పెట్టేసుకున్నాడో ఎవరూ గమనించలేదు. పది నిమిషాలకు జవాబు వచ్చింది. మమత చదవలేక దేవిశ్రీకి అందించింది.

'భోజనం సిద్ధం చేస్తున్నాను. అందరినీ తీసుకురా.'

వ్యాన్ ముందు, దేవిశ్రీ, పోచయ్య ఎక్కిన ఆటో వెనక, నల్లగండ్ల దారంతా మబ్బులోనే నడిచింది. మేడలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, పలకరించి, వెనక్కి జరిగిపోతున్నట్టు అనిపించింది పోచయ్యకు. ఇంటి తలుపు తీసిన హైమవతి సన్నగా, నిటారుగా ఉంది. మెడ చుట్టూ నీలం స్కార్ఫ్. రావుగారు చేతులు జోడించాడు. ఆవిడ కూడా జోడించింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆయన ఆ ముప్పై గంటల్లో మొదటి గంట నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఏ గంటకు ఏం విన్నాడో, విని ఓడలో ఎవరు ఏడ్చారో, ఎవరు నవ్వారో. ఆవిడ కళ్లార్పకుండా వింది. అందరి భోజనాలూ అయ్యాయి. వాళ్లిద్దరి కంచాలూ చల్లారిపోయాయి.

మూడున్నరకు నర్సయ్య గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నాడు. "సారూ, టైమైంది. ఇగ పోవాలె."

రావుగారు చెబుతున్నది ఇరవయ్యో గంట. మధ్యలో ఆగి లేచాడు. హైమవతి కూడా లేచింది. మేకుకున్న శాలువా తీసి భుజాన వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది. మమత గబగబా తలుపు తెరిచి పట్టుకుంది. హైమవతి అందరికన్నా ముందు లిఫ్టులోకి నడిచి, కిందికి వచ్చి, వానలో వ్యాన్ దాకా వెళ్లి, రావుగారి పక్క సీట్లో కూర్చుంది. చేత్తో 'చెప్పండి' అన్నట్టు సైగ చేసింది.

ఓంకార్, యశస్విని వెనక ఇరుక్కున్నారు. మమత ముందు ఎక్కింది. వ్యాన్‌లో ఇక చోటు లేదు.

ఎర్రదీపాలు మబ్బులో కలిసిపోయేదాకా పోచయ్య, దేవిశ్రీ రోడ్డు పక్కన తడుస్తూ నిలబడ్డారు.

"ఎయిర్‌పోర్టు పోయేలోపల మిగిలిన పది గంటల ముచ్చట అయితదా మేడం?" అన్నాడు పోచయ్య.

"అవ్వదండి" అంది దేవిశ్రీ. "మిగిలిందానికి ఆయన మళ్లీ రావాల్సిందే."

దగ్గరలో ఆటో ఏదీ కనిపించలేదు. ఇద్దరూ కొత్తగూడ వైపు నడవడం మొదలుపెట్టారు.