గుట్ట మీది గంట

టీ గ్లాసు అందుకుంటూ లక్ష్మీనర్సయ్య, వాకింగ్ నుంచి వచ్చిన భార్య పాదాల వైపు చూశాడు. మడమలకు మళ్ళీ దుమ్ము అంటింది. చెప్పులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. కళ్ళు ఏడ్చినట్టు ఎర్రబడ్డాయి. చేతిలోని స్టీలు డబ్బా అడుగున కాసిని గుగ్గిళ్ళు మిగిలాయి.

హన్మకొండలో భౌతికశాస్త్రం బోధించి, బాబాల మహిమలను వేదికలెక్కి బట్టబయలు చేసిన మనిషికి ఈ సాక్ష్యం చాలు. చెప్పులు విడిచి కూర్చోవడం, ఏడిపించే ప్రవచనం, చివర ప్రసాదం. పద్మాక్షి గుట్ట మీద ఎవడో స్వామి వెలిశాడు. వాకింగ్ పేరుతో వినోద వెళ్తున్నది అతడి దగ్గరికే.

“గుట్ట మీద ఎవరున్నరు?”

“వాకింగోళ్లు. ఎన్నిసార్లు చెప్పాలె?”

“చెప్పులెందుకు ఇడుస్తున్నవ్?”

“బండ మీద జారుతయని.”

“మరి కండ్లెందుకు ఎర్రగైనయ్?”

వినోద కొంగుతో ముఖం తుడుచుకుంది. వంటింట్లోంచి కోడలు సుకన్య తొంగిచూసింది. “అత్తమ్మను జర కూసోనియ్యుండ్రి మామయ్యా. ఇదేమన్న పోలీస్ స్టేషనా?”

“రేపటి సంది గుట్ట బంద్,” అన్నాడతడు.

“దినమంతల నాదంటూ ఉన్నది ఆ గంటే,” అంది వినోద మెల్లగా. “అదొక్కటి తీస్కోకు.”

ఆ మాటతో అతడి అనుమానం గట్టిపడింది. స్వాముల వలలో పడినవాళ్ళందరూ ఇలాగే బతిమాలుతారు.

మర్నాడు వినోద ఆగలేదు. కొంత దూరం వదిలి అతడూ గుట్ట ఎక్కాడు. పెద్ద రాయి చాటున నిలబడి చూస్తే చదునైన బండ మీద పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. కాషాయం లేదు, పటం లేదు. మధ్యలో నిలబడి మాట్లాడుతున్నది వినోద!

“మా సారు ఎనుమాముల మార్కెట్‌కు పోయి మిరపకాయలు తెచ్చిండు. వాటికి ఘాటు ఎందుకుంటదో గంటసేపు పాఠం చెప్పిండు. చెప్పి చెప్పి అదే చేత్తోని కన్ను నులుముకున్నడు! అప్పుడు సైన్స్ ఏడ పాయెనో, ‘ఓ అవ్వా’ అని ఎగిరిండు.”

“ఆపవే వినోదా, పక్కలు నొస్తున్నయ్!” అని ఎదురుగా కూర్చున్న మొగిలమ్మ బండను చరిచింది. వినోద నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అతడు బయటికి వచ్చాడు. నవ్వులు ఆగిపోయాయి.

“రాండ్రి సార్,” అన్నాడు పెద్దాయన ఓంప్రకాశ్ కంగారుగా. “ఇక్కడ ఒక్కటే రూలు. నిన్న ఇంట్ల అయిన ముచ్చట చెప్పాలె. చెప్పినోళ్లే గుగ్గిళ్లు తేవాలె. వినోదమ్మ రోజూ తెస్తది.”

“నన్ను పదిమందిల నవ్వులపాలు చేస్తున్నవా?”

“చేస్తున్న,” అంది వినోద. “ఇంట్ల చెప్దామని నోరు తెరిస్తే ఎవరు చూసిండ్రు, నీకెట్ల తెలుసు అంటవ్. నా మాట సగంలనే సచ్చిపోతది. ఈడ ఊకె ఇంటరు.”

లక్ష్మీనర్సయ్య బండ మీది గుగ్గిళ్ళ డబ్బా వైపు చూశాడు. దుమ్ము, తడి కళ్ళు, గుగ్గిళ్ళు: చూసినవన్నీ నిజమే. భార్య సంతోషంగా ఉండవచ్చన్న ఊహ మాత్రం అతడికి ఒక్కసారి కూడా రాలేదు. ఈ నవ్వును ఇంట్లో చివరిసారి ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయి ఓడిపోయాడు.

బండ అంచున కూర్చున్నాడు. “మొదలు నేను ఇనలే. మళ్ల చెప్పు.”

వినోద నమ్మలేనట్టు చూసింది. “మధ్యల ప్రశ్నలేస్తవ్.”

“ఎయ్య.”

ఆమె మొదలుపెట్టింది. ఈసారి మంటెక్కింది కుడికన్ను అంది, నిజానికి ఎడమది. సవరణ నాలుక చివరిదాకా వచ్చింది. అతడు పెదవులు బిగించాడు. వినోద మాట ఎక్కడా తెగకుండా సాగింది. వింటూ తలవంచుకున్న అతడి కళ్ళలోంచి నీళ్ళు టపటపా బండ మీద రాలాయి.